2,479 కోట్ల పరీక్షలా, అరవయ్యా? రైలు టికెట్ తెర చెప్పే కాంపొనెంట్ల లెక్క

సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నానికి ఆరుగురికి స్లీపర్ టికెట్ తీసుకుంటున్నాం అనుకోండి. ఒక్కొక్కరికి వయసు, లింగం, కావాల్సిన బెర్తు నింపాలి. లెక్క కోసం వయసును పిల్లలు, పెద్దలు, వృద్ధులు అని 3 భాగాలు చేద్దాం. లింగానికి 3 ఎంపికలు. బెర్తుకు 6: కింద, మధ్య, పైన, పక్క కింద, పక్క పైన, ఏదైనా సరే. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిదార్లు యాభై నాలుగు. అంటే ఒక్క మనిషి వివరాలనే 54 రకాలుగా నింపవచ్చు.

ఆరుగురికి? 54ను ఆరుసార్లు వేసి గుణించాలి. వచ్చేది 2,479 కోట్ల 49 లక్షల 11 వేల 296. సెకనుకు వెయ్యి చొప్పున కంప్యూటరే నింపి చూసినా 287 రోజులు పడుతుంది.

ఇదే ఫారాన్ని ఇంకోలా కట్టవచ్చు. ఒక ప్రయాణికుడి వరుసను విడి ముక్కగా రాసి, దాన్ని 54 రకాలుగానూ పరీక్షిస్తారు. ఆ తర్వాత అలాంటి వరుసలు ఒకటి నుంచి ఆరు వరకు సరిగ్గా చేరుతున్నాయా అని 6 సార్లు చూస్తారు. మొత్తం 60. మామూలు ల్యాప్‌టాప్ మీద ఇది నిమిషం పని కూడా కాదు.

ఆ విడి ముక్క పేరే కాంపొనెంట్. ఒకసారి రాసి పలుచోట్ల వాడుకోవడం దీనివల్ల కలిగే మేలని అందరూ చెబుతారు. అంతకంటే పెద్ద మేలు పరీక్షల్లో ఉంది. గుణకారంగా పెరగాల్సిన పని కూడికతో సరిపోతుంది.

సికింద్రాబాద్ ఎందుకంటే

ఈ లెక్కను ఈ ఊరి టికెట్ మీదే వేయడానికి కారణం ఉంది. దేశంలో తొలి కంప్యూటర్ రైలు రిజర్వేషన్ వ్యవస్థ 'ఇంప్రెస్' 1985లో ఢిల్లీలో మొదలైంది. దాన్ని తయారు చేసింది అప్పటి ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ. ఆ సంస్థ పరిశోధన, అభివృద్ధి కేంద్రం సికింద్రాబాద్ సరోజినీ దేవి రోడ్డులో ఉండేది. ఆ తర్వాత కంప్యూటర్ రిజర్వేషన్ ఒక్కో పెద్ద కేంద్రానికీ వచ్చింది గానీ, ఏ కేంద్రం లెక్క దానిదే. ఒకచోట కూర్చుని ఇంకోచోట నుంచి బయలుదేరే రైలుకు టికెట్ తీయడం అప్పట్లో తేలిక కాదు.

ఈ చిక్కు విప్పడానికి రైల్వేల సమాచార వ్యవస్థల సంస్థ 'క్రిస్' 'కాన్సర్ట్' అనే కొత్త సాఫ్ట్‌వేర్ రాసింది. దాన్ని మొదట నడిపి చూసిన ఊరు సికింద్రాబాద్, 1994 సెప్టెంబరులో. ఇక్కడ నిలబడ్డాక ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై కేంద్రాలకు వెళ్లింది. 1999 ఏప్రిల్ నాటికి అయిదూ ఒకే వలలోకి వచ్చాయి. ఒకసారి రాయడం, ఒకచోట పరీక్షించడం, మిగతా 4 చోట్ల పెట్టడం. కాంపొనెంట్ల వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. దీన్ని ప్రపంచానికి గట్టిగా చెప్పినవాడు డగ్లస్ మెకిల్‌రాయ్. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన నాటో సాఫ్ట్‌వేర్ సదస్సులో, సాఫ్ట్‌వేర్‌కూ విడిభాగాల పరిశ్రమ కావాలని ఆయన వాదించాడు.

వెబ్ తెరల్లోకి ఈ పద్ధతి స్థిరంగా వచ్చింది 2010 తర్వాత. ఇలా తెరలు కట్టే పనిముట్లలో రియాక్ట్ 2013లో, వ్యూ 2014లో, నేటి రూపంలోని యాంగులర్ 2016లో వచ్చాయి. రైల్వే టికెట్లు అమ్మే ఐఆర్‌సీటీసీ సైటులో ఇంటర్నెట్ టికెట్లు 2002 ఆగస్టు 3న మొదలయ్యాయి. 2018 మేలో సైటు ముఖం మారింది. యాంగులర్ మీద కట్టిన ఆ పేజీని బ్రౌజర్‌లోని డెవలపర్ పనిముట్లతో తెరిస్తే స్టేషన్ పెట్టె, క్యాలెండర్ పెట్టె, క్లాసు ఎంచుకునే పెట్టె వేర్వేరు ముక్కలుగా కనిపిస్తాయి.

ఒక ముక్కకు మూడు హద్దులు

స్టేషన్ పెట్టెనే తీసుకుందాం. బయలుదేరే ఊరికి ఒకటి, చేరే ఊరికి ఒకటి. తెర మీద రెండు, వెనక రాసింది ఒక్కటే. దాని గురించి మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి: బయటి నుంచి ఏం తీసుకుంటుంది, బయటికి ఏం చెబుతుంది, లోపల ఏం దాచుకుంటుంది.

తీసుకునేది స్టేషన్ల జాబితా, పెట్టె మీద రాయాల్సిన మాట. చెప్పేది ఎంచుకున్న స్టేషన్ కోడ్: సికింద్రాబాద్ అయితే ఎస్‌సీ, కాచిగూడ అయితే కేసీజీ, చర్లపల్లి అయితే సీహెచ్‌జెడ్. దాచుకునేది టైప్ చేస్తున్న అక్షరాలు, కింద తెరుచుకున్న జాబితా. 'రెండు ఊళ్లూ ఒకటే కాకూడదు' అన్న నియమం ఈ పెట్టెకు తెలియకూడదు. అవతలి పెట్టె ఒకటుందనే దానికి తెలియదు కదా. ఆ నియమాన్ని రెంటినీ పట్టుకున్న ఫారం చూసుకోవాలి.

స్టేషన్ల పేర్లు పెట్టె లోపల రాసేస్తే ఏమవుతుందో చెప్పడానికి చర్లపల్లే ఉదాహరణ. కొత్త టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణ పనుల వల్ల కొన్ని రైళ్లు అక్కడికి మారాయి. జాబితా బయటి నుంచి వచ్చే యాప్‌లో ఇది సమాచారంలో మార్పు మాత్రమే. లోపల రాసేసిన యాప్‌లో ప్రోగ్రామ్‌నే మార్చి, మళ్లీ పరీక్షించి, మళ్లీ విడుదల చేయాలి.

ఎనిమిదో ఎక్కం ఎక్కడ తప్పుతుంది

స్లీపర్ బోగీలో బెర్తుల వరుస ఎనిమిదేసి చొప్పున తిరుగుతుంది. 1, 4 కింద. 2, 5 మధ్య. 3, 6 పైన. 7 పక్క కింద. 8 పక్క పైన. పాత ఐసీఎఫ్ బోగీలో 72 బెర్తులు, అంటే 9 గదులు. ఎల్‌హెచ్‌బీ బోగీలో 80, అంటే 10 గదులు. బెర్తు సంఖ్యను 8తో భాగించి శేషం చూస్తే అది ఎక్కడుందో తెలిసిపోతుంది. 63కు శేషం 7, కనుక పక్క కింద. 72కు శేషం సున్నా, కనుక పక్క పైన. ఒక్క బెర్తు కాంపొనెంట్ రాసి 72 సార్లు పిలిస్తే బోగీ బొమ్మ సిద్ధం.

ఇక్కడే చాలామంది ఆ సూత్రాన్ని కాంపొనెంట్ లోపల పెట్టేసి సంతోషిస్తారు. సెకండ్ ఏసీలో మధ్య బెర్తులు ఉండవు, వరుస ఆరేసి చొప్పున తిరుగుతుంది. 2021లో వచ్చిన త్రీ టైర్ ఎకానమీ బోగీలో 83 బెర్తులు. 83ను 8తో భాగిస్తే 3 మిగులుతుంది. సికింద్రాబాద్–విశాఖ వందేభారత్‌లో అసలు బెర్తులే లేవు, 2023 జనవరి 15న మొదలైనప్పుడు 16 బోగీల్లో 1,128 కుర్చీలు ఉండేవి. సూత్రం లోపలున్న కాంపొనెంట్‌ను ఈ మూడింటిలో దేనికీ కళ్లు మూసుకుని వాడలేం.

మందు తేలికే. కాంపొనెంట్‌కు సంఖ్య, స్థానం, స్థితి మూడూ బయటి నుంచి ఇవ్వాలి. ఏ బోగీలో ఏ సంఖ్య ఎక్కడుంటుందో పట్టికలో ఉండాలి. కొత్త బోగీ వస్తే పట్టిక పెరుగుతుంది, కాంపొనెంట్ జోలికి వెళ్లక్కర్లేదు. మారేది బయట, మారనిది లోపల. పునర్వినియోగం నిలబడేదీ కూలేదీ ఈ ఒక్క గీత దగ్గరే.

అరవై ఎప్పుడు చాలదు

60 పరీక్షలు చాలు అన్నదానికి ఒక షరతుంది: ఒక వరుసలో నింపింది పక్క వరుసను మార్చకూడదు. మారిస్తే ఆ నియమానికి వేరే పరీక్షలు కావాలి. మామూలు టికెట్‌పై 6 మంది, తత్కాల్ టికెట్‌పై 4 మందే ఉండాలన్నది అలాంటి నియమం. ఇది వరుసది కాదు, ఫారానిది. కనుక ఫారం దగ్గరే చూడాలి: తత్కాల్‌లో నాలుగోది చేరాలి, అయిదోది చేరకూడదు. మామూలుగా 6 నింపాక తత్కాల్‌కు మార్చితే ఏమవుతుంది? తప్పులు ఎక్కువగా దాక్కునేది ఇలాంటి మలుపుల్లోనే.

వయసును 3 భాగాలు చేశాం గానీ, తప్పు భాగం మధ్యలో దొరకదు, అంచున దొరుకుతుంది. రైల్వేలో 5 ఏళ్లలోపు పిల్లలకు విడి బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. 5 నుంచి 11 వరకు బెర్తు అడగకపోతే సగం ఛార్జీ. 2016 ఏప్రిల్ 21 నుంచి బెర్తు అడిగితే పూర్తి ఛార్జీ. కాబట్టి 8 ఏళ్లు, 35 ఏళ్లు పెట్టి చూసి సరిపోయిందనుకోవడం సరికాదు. 4, 5, 11, 12, 59, 60 పెట్టాలి. సున్నా, ఖాళీ, అక్షరాలు, రుణ సంఖ్య కూడా పెట్టాలి. ఇలాంటివి ఓ డజను కలిపినా మొత్తం 72.

54ను కూడా తగ్గించవచ్చు. ఏ రెండు ఎంపికలైనా కనీసం ఒకసారి జతగా పరీక్షలోకి వస్తే చాలనుకుంటే, ఈ 3, 3, 6 ఎంపికలకు 18 పరీక్షలు సరిపోతాయి. పెద్ద ఫారాల్లో ఈ జతల పద్ధతి ఎంతో కలిసివస్తుంది. అయితే ఇంత చిన్న ముక్కకు 54 పూర్తిగా నడపడమే మేలు. ఖర్చు క్షణాల్లోనే ఉంటుంది.

120 పోయి 60 వచ్చినప్పుడు

2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది. విదేశీ పర్యాటకులకు 365 రోజుల గడువు మాత్రం అలాగే ఉంది. ప్రయాణ తేదీ క్యాలెండర్‌లో '120' అని నాలుగుచోట్ల రాసుకున్న యాప్‌లో మూడుచోట్ల మార్చి ఒకచోట మరిచిపోవడం ఎంతసేపు? గడువును బయటి నుంచి తీసుకునే క్యాలెండర్ అయితే ఒకచోట 60, ఇంకోచోట 365 ఇస్తే సరి.

దీనికి రాయాల్సిన పరీక్షలు ఇవి. 60వ రోజు ఎంచుకోగలగాలి, 61వ రోజు ఎంచుకోలేకపోవాలి. 2027 జనవరి 1 నుంచి లెక్కిస్తే 60వ రోజు మార్చి 2. లీపు సంవత్సరమైన 2028లో అదే మార్చి 1. ఇంకోటి, మన ఇళ్లలో నిజంగా జరిగేది: డాలస్‌లో ఉన్న కొడుకు సికింద్రాబాద్‌లోని అమ్మానాన్నలకు టికెట్ తీస్తాడు. గడువులో చివరి రోజు టికెట్లు ఇక్కడ ఉదయం 8 గంటలకు తెరుచుకుంటాయి. అప్పుడు డాలస్‌లో వేసవి కాలమానంలో ముందురోజు రాత్రి 9:30. క్యాలెండర్ 'ఈ రోజు' ఏదో ఫోన్‌ను అడిగి తెలుసుకుంటే, అతనికి ఒక రోజు తక్కువ కనిపిస్తుంది. కావాల్సిన తేదీ నొక్కుడు పడదు. కాబట్టి 'ఈ రోజు' కూడా బయటి నుంచి, భారత కాలమానంలో రావాలి. అలా వస్తే పరీక్షలో ఏ తేదీనైనా ఇచ్చి చూడవచ్చు, లీపు సంవత్సరం కోసం ఎదురుచూడక్కర్లేదు.

తెలుగు అక్షరం ఎంత పొడవు

పెట్టెలో ఎన్ని అక్షరాలు పట్టాలో చెప్పే హద్దు ప్రతి ఫారంలో ఉంటుంది. ఇంగ్లిష్ లిపిలో సికింద్రాబాద్ 12 అక్షరాలు, 12 బైట్లు. తెలుగులో మన కంటికి అయిదే: సి, కిం, ద్రా, బా, ద్. యూనికోడ్‌కు మాత్రం గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడి సంకేతాలే, కనుక 13. ఒక్కో తెలుగు సంకేతానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు, కనుక 39. ఒకే పేరుకు 5, 13, 39 అనే మూడు కొలతలు.

పెట్టె ఒక కొలత, దాని వెనకున్న డేటాబేస్ ఇంకో కొలత వాడితే పేరు మధ్యలో తెగుతుంది. ఇంటిపేరుతో మొదలయ్యే పొడవాటి తెలుగు పేర్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. తెలుగులో సేవ చేసే ఏ యాప్‌లోనైనా పేరు పెట్టెను వత్తులతో, సంయుక్తాక్షరాలతో పరీక్షించాలి. అక్షరం చెరిపేటప్పుడు గుణింతం మాత్రమే పోతోందా, మొత్తం అక్షరం పోతోందా అన్నదీ చూడాలి.

తెర మొత్తం నడిపే పరీక్షలు ఎన్ని

పరీక్షల్లో మూడు మెట్లున్నాయి. కింది మెట్టు విడి ముక్క: 54, 18 లాంటి లెక్కలన్నీ ఇక్కడివే. జాస్మిన్, జెస్ట్, టెస్టింగ్ లైబ్రరీ లాంటి పనిముట్లు ఇందుకు వాడతారు. మధ్య మెట్టు ముక్కల కలయిక: స్టేషన్ పెట్టెలో ఎంచుకున్న కోడ్ ఫారానికి చేరిందా, తత్కాల్‌లో అయిదో వరుస ఆగిందా. పై మెట్టు మొత్తం ప్రయాణం: నిజమైన బ్రౌజర్ తెరిచి, ఊళ్లు ఎంచి, పేర్లు నింపి, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లడం. సెలీనియం, సైప్రెస్, ప్లేరైట్ చేసే పని ఇది.

పై మెట్టు పరీక్షలు నిజానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి అవే ఎక్కువ రాయాలని అనిపిస్తుంది. లెక్క ఒప్పుకోదు. నెట్ నెమ్మదించడం వల్లో, పేజీ ఆలస్యంగా రావడం వల్లో ఒక్కో పరీక్ష నూటికి ఒకసారి ఉత్తి పుణ్యానికి తప్పుతుందనుకోండి. అలాంటివి 100 ఉంటే, యాప్‌లో ఏ దోషమూ లేకపోయినా అన్నీ ఒకేసారి గట్టెక్కే అవకాశం 37 శాతమే. ప్రతి మూడు రోజుల్లో రెండు రోజులు ఎర్ర దీపం వెలుగుతుంది. నాలుగో వారానికి దాన్ని ఎవరూ పట్టించుకోరు. అదే 10 ఉంటే 90 శాతం సార్లు గట్టెక్కుతాయి. అందుకే కింద ఎక్కువ, పైన తక్కువ.

పరీక్షల్లో చూపును కూడా మరవకూడదు. సీట్లున్నాయో లేవో ఆకుపచ్చ, ఎరుపు రంగులతోనే చెబితే రంగుల తేడా తెలియనివారికి అందదు. మాట కూడా ఉండాలి. వెబ్ సౌలభ్య ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య వ్యత్యాసం కనీసం 4.5కు 1 ఉండాలి. బెర్తు కాంపొనెంట్‌లో ఒకసారి సరిచేస్తే 72 బెర్తుల్లోనూ సరైనట్టే.

కాంపొనెంట్ చేయలేనిది

తత్కాల్ వేళ సైటు ఆగిపోతే తెర బాగా కట్టలేదని తిట్టుకుంటాం. ఆ భారం చాలావరకు వెనక ఉన్న సర్వర్లది. 2014 ఏప్రిల్‌లో కొత్త ఈ-టికెట్ వ్యవస్థ వచ్చినప్పుడు సామర్థ్యం నిమిషానికి 2,000 టికెట్ల నుంచి 7,200కు పెరిగింది. 2025 మే 22న ఒక్క నిమిషంలో 31,814 టికెట్లు అమ్ముడై రికార్డయింది, అంటే సెకనుకు 530. రైల్వే శాఖ 2025 జూన్‌లో ప్రకటించిన కొత్త వ్యవస్థ లక్ష్యం నిమిషానికి లక్షన్నర టికెట్లు. విచారణల సామర్థ్యాన్ని నిమిషానికి 4 లక్షల నుంచి 40 లక్షలకు పెంచుతామన్నారు.

కొనే టికెట్ల కంటే అడిగే ప్రశ్నలు ఎన్నో రెట్లు ఎక్కువని గమనించండి. తెర కట్టేవారు సాయం చేయగలిగేది ఇక్కడే. స్టేషన్ పెట్టె ప్రతి అక్షరానికీ సర్వర్‌ను అడిగితే, సికింద్రాబాద్ పేరు ఇంగ్లిష్‌లో పూర్తయ్యేసరికి 12 ప్రశ్నలు. వేళ్లు ఆగాక సెకనులో మూడో వంతు ఆగి అడిగితే, గబగబా టైప్ చేసేవారికి ఒక్కటే. లక్ష మంది ఒకేసారి వస్తే 12 లక్షలకూ లక్షకూ ఉన్నంత తేడా. మార్పు ఒక్క కాంపొనెంట్‌లో, ఫలితం అది వాడిన ప్రతి పేజీలో.

మంచి ఎలా పాకుతుందో చెడూ అలాగే పాకుతుంది. 40 పేజీల్లో వాడిన పెట్టెలో ఒక తప్పు దొర్లితే 40 పేజీలూ చెడతాయి. అందుకే పలుచోట్ల వాడే ముక్కను ముట్టుకున్న ప్రతిసారీ దాని పరీక్షలతో పాటు, దాన్ని వాడే పేజీల పరీక్షలూ మళ్లీ నడపాలి. పరీక్షలు లేని ముక్కను పదిచోట్ల వాడటం కంటే పదిచోట్ల విడివిడిగా రాసుకోవడమే తక్కువ ప్రమాదం.

మొదలుపెట్టేవారికి

కాలేజీ ప్రాజెక్టుకో, ఉద్యోగంలో తొలి పనికో వెబ్ యాప్ కడుతున్నవారు నాలుగు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. ఒకే రకం పని మూడోసారి ఎదురైనప్పుడే కాంపొనెంట్ చేయండి. మొదటిసారికే చేస్తే ఏది మారుతుందో, ఏది మారదో ఇంకా తెలియదు. గడువులు, జాబితాలు, గరిష్ఠ సంఖ్యలు, నేటి తేదీ బయటి నుంచి ఇవ్వండి. పరీక్షలను భాగాల అంచుల దగ్గర మొదలుపెట్టండి. బ్రౌజర్ మొత్తం నడిపే పరీక్షలను వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంచండి. అంకెల్లో చెప్పాలంటే, మీ ఫారంలో ఎంపికలను గుణించాల్సి వస్తోందంటే ముక్కలు సరిగ్గా విడదీయలేదని, కూడితే సరిపోతోందంటే సరిగ్గా విడదీశారని అర్థం.